చిన్న బాత్రూంలో మొక్కలు: వెలుతురు లెక్క నుంచి ఉట్టి కట్టడం దాకా

మా అమ్మమ్మ గారింట్లో పాత నుయ్యి ఒకటి ఉండేది. గట్టు మీంచి లోపలికి తొంగి చూస్తే పై 4, 5 అడుగుల దాకా ఇటుకల సందుల్లోంచి ఫెర్న్ మొక్కలు వేలాడుతుండేవి. నల్లటి సన్నని కాడలు, కొత్తిమీరను గుర్తు చేసే ఆకులు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. ఇంకాస్త కిందికి చూస్తే ఒట్టి నాచు. ఇంకా కిందికి పోతే అదీ లేదు. తడేమో కిందికి పోయేకొద్దీ ఎక్కువే.

బాత్రూంలో మొక్కలు పెట్టడం మొదలెట్టి, 3 నెలల్లో 6 మొక్కల్ని పోగొట్టుకున్నాక గానీ ఆ నుయ్యి నాకు గుర్తు రాలేదు.

బాత్రూంలో తేమ ఉంటుంది కాబట్టి మొక్కలు హాయిగా పెరుగుతాయని చాలామంది చెబుతారు. చలిదేశాల వాళ్లకు అది నిజమే. చలికాలమంతా హీటర్లతో వాళ్ల ఇల్లు ఎండిపోయి ఉంటుంది, స్నానాల గదిలోనే కాస్త తేమ. మన గోదావరి డెల్టాలో అప్పడాల డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే సాయంత్రానికి మెత్తబడిపోతాయి. వానాకాలంలో బీరువాలో బట్టలకు బూజు పడుతుంది. తేమ కోసం మొక్కను బాత్రూం దాకా తీసుకెళ్లాల్సిన పని మనకు లేదు. అక్కడ కరువయ్యేవి వెలుతురు, గాలి. ఆ రెండింటి లెక్క తేలాకే మొక్క సంగతి, అలంకారం సంగతి.

మాది రావులపాలెంలో అద్దె ఫ్లాటు, రెండో అంతస్తు. బాత్రూం 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. అందులోనే గీజరు, కమోడు, బకెట్టు, మగ్గు, ఒక ప్లాస్టిక్ స్టూలు. తూర్పు గోడకు అడుగున్నర ఎత్తు, 2 అడుగుల వెడల్పున్న వెంటిలేటరు. మీదీ ఇంచుమించు ఇలాంటిదే అయితే కింద చెప్పినవి ఉన్నవున్నట్టు చేసుకోవచ్చు.

1. వెలుతురు కొలవండి

ఒక సెలవు రోజు పొద్దున్న 10, 11 గంటల మధ్య బాత్రూం లైటు ఆపేసి తలుపు వేసుకోండి. రెండు నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి. తర్వాత ఒక దినపత్రిక పట్టుకుని, మొక్క పెడదామనుకున్న ప్రతి చోటా నిలబడి మామూలు వార్త అక్షరాలు చదవండి. ఇబ్బంది లేకుండా చదవగలిగితే నీడలో బతికే మొక్క అక్కడ నెట్టుకొస్తుంది. కళ్లు చిట్లించాల్సి వస్తే అది మొక్కకు చుట్టపుచూపు చోటు మాత్రమే, కాపురం చోటు కాదు. పక్కనే తెల్ల కాగితం పెట్టి దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టండి. అంచులు మసగ్గా ఉన్నా చెయ్యి ఆకారం తెలిసేలా నీడ పడితే మంచిదే. నీడే పడకపోతే ఆ చోటు వదిలెయ్యండి.

ఇంకాస్త కచ్చితంగా కావాలంటే ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ ఒకటి వేసుకోండి, ఉచితంగానే దొరుకుతాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెన్సరు తెర పైభాగాన ఉంటుంది. అందుకని ఫోన్‌ను ఆకు ఉండబోయే చోట పెట్టి, తెరను వెలుతురు వైపు తిప్పి చూడాలి. మా బాత్రూంలో ఒకే రోజు, ఒకే గంటలో తీసిన లెక్క ఇది: వెంటిలేటరు గట్టు మీద 900 లక్సు (వెలుతురును కొలిచే ప్రమాణం). అద్దం పక్కన 180. కమోడు వెనక మూల 40. ఈ చివర నుంచి ఆ చివరకు పట్టుమని 7 అడుగులు లేవు. మన కంటికి అంత తేడా తెలియదు. కంటిపాప పెద్దదై సర్దుకుపోతుంది, ఆకుకు ఆ సౌకర్యం లేదు.

నేను పెట్టుకున్న హద్దులు ఇవి. 250 లక్సుకు పైన ఉంటే నీడ మొక్కలు శాశ్వతంగా ఉంటాయి. 100కూ 250కీ మధ్యయితే వంతులవారీగా తిప్పాలి, ఆ పద్ధతి తర్వాత చెబుతాను. 100కు లోపల మొక్క పెట్టడమంటే దాన్ని నెమ్మదిగా చంపడమే.

వెంటిలేటరు ఏ దిక్కుకుందో కూడా చూసుకోండి. మన డెల్టా సుమారు 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరం పక్కకు వాలి ఉంటాడు. ఉత్తరపు వెంటిలేటరున్న వాళ్లకు మంచి వెలుతురు వచ్చే నెలలు అవే. దక్షిణం వైపు ఉంటే డిసెంబరులో ఎండ లోపలి దాకా చొరబడుతుంది. పడమర వెంటిలేటరుకు ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాస్త భయపడాలి, గట్టు మీద ఆకులు మాడతాయి. అందుకే డిసెంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి కొలుచుకుంటే మంచిది.

2. వెంటిలేటరు కడగండి

నవ్వకండి. ఈ మొత్తంలో పైసా ఖర్చు లేకుండా బాగా పనిచేసేది ఇదే. వెంటిలేటరు అద్దపు రెక్కల మీద బయట రోడ్డు దుమ్ము, లోపల నీళ్ల మరకలు ఏళ్ల తరబడి పేరుకుని ఉంటాయి. రెక్కలు ఒక్కొక్కటే జాగ్రత్తగా లాగి, గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి, తెల్ల మరకల మీద నిమ్మచెక్క రుద్దండి. మాకు అద్దం పక్కన 180 ఉన్నది ఆ ఒక్క పనితో 260 అయింది. వెంటిలేటరుకు ఎదురు గోడ మీద అద్దం ఉంటే ఇంకా మేలు, వచ్చిన వెలుతురును మళ్లీ గదిలోకే పంపుతుంది.

రెక్కలు పూర్తిగా మూసేసి ఉంచే అలవాటుంటే మానుకోవాలి. దోమల భయమైతే వెనక మెష్ కొట్టించుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నవాళ్లు స్నానమయ్యాక ఒక 20 నిమిషాలు తిరగనివ్వాలి. మనిషికి ఉక్కపోసే గదిలో మొక్కకూ ఉక్కే. ఆకు మీద నీటిచుక్క ఆరకుండా రాత్రంతా ఉంటే అక్కడే నల్ల మచ్చ మొదలవుతుంది.

3. తడి గీత గుర్తించండి

మన బాత్రూముల్లో స్నానానికి వేరే అరలేమీ ఉండవు. మగ్గుతో పోసుకున్న నీళ్లు, సబ్బునురగతో సహా, గది మొత్తం తిరుగుతాయి. అందుకని రోజూ చేసినట్టే స్నానం చేసి, ఒళ్లు తుడుచుకున్నాక గోడలు చూడండి. టైల్స్ మీద చుక్కలు ఎంత ఎత్తు దాకా నిలిచాయో అక్కడ చిన్న టేపు ముక్క అంటించండి. మా ఇంట్లో కుళాయి వైపు గోడ మీద మూడున్నర అడుగుల దాకా వచ్చాయి, ఎదురు గోడ మీద 2 అడుగులు. పిల్లలున్న ఇంట్లో ఈ గీత ఎక్కడుంటుందో దేవుడికే తెలియాలి.

ఆ గీతకు కింద ఏ కుండీ పెట్టకూడదు. మామూలు నీళ్లు పడితే పరవాలేదు గానీ సబ్బునీళ్లు, షాంపూ రోజూ పడితే మట్టి పైన జిడ్డు పొరలా కట్టి వేళ్లకు గాలి ఆడదు. నా మొదటి 6 మొక్కల్లో రెండు అలా పోయినవే. ఫ్లష్ ట్యాంకు మూత మీద పెడదామని అందరికీ అనిపిస్తుంది, ఫొటోకు బాగుంటుంది కూడా. ట్యాంకులో వాల్వు పాడైన రోజు ప్లంబరు అన్నీ తీసి తడి నేల మీద పెడతాడు. పెడితే ఒక చేత్తో తీయగలిగిన చిన్నది ఒక్కటే పెట్టండి.

4. మొక్కలు తెచ్చుకోండి

మనకున్న అదృష్టం కడియం. మా ఊరి నుంచి జొన్నాడ బ్రిడ్జి దాటి హైవే పట్టుకుంటే కడియపులంక, వేమగిరి వచ్చేస్తాయి. రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. దేశంలో ఎక్కడెక్కడి వాళ్లో లారీలు వేసుకొచ్చి పట్టుకెళ్లే మొక్కలు మనకు బండి మీద వెళ్లే దూరంలో ఉన్నాయి. ఆ అదృష్టమే కొంప ముంచుతుంది కూడా. చూసిందల్లా నచ్చుతుంది. కొలిచిన లక్సు లెక్క కాగితం మీద రాసుకుని వెళ్లండి.

రెండోసారి వెళ్లినప్పుడు నేను మళ్లీ గుబురుగా ఉన్న బోస్టన్ ఫెర్న్ మీదే చెయ్యేశాను. అక్కడ పనిచేసే కుర్రాడు అడిగాడు:

“ఎక్కడ పెడతారండీ?”

“బాత్రూంలో.”

“కిటికీ ఉందాండీ? వెంటిలేటరేనాండీ?”

“వెంటిలేటరే.”

“ఆయ్, అయితే అది వద్దండి. నెలకే ఆకు రాలిపోద్ది. సింగోనియం పట్టుకెళ్లండి. బతికేది పట్టుకెళ్తేనే కదండీ మళ్లీ వస్తారు.”

ఆ మాట అతనికి ముందే తెలుసు, నాకు ఆరు మొక్కల తర్వాత తెలిసింది.

మొక్కల సంగతికొస్తే, మా ఇంట్లో నిలిచినవీ నిలవనివీ చెబుతాను. మనీప్లాంట్‌కు సాటి లేదు. పసిఫిక్ దీవుల్లో పుట్టి మన ఇంటింటి మొక్కయిపోయింది. వెలుతురు తగ్గితే ఆకు మీద పసుపు చారలు పోయి పచ్చగా మారుతుంది గానీ చావదు. సింగోనియం కూడా అంతే, కాకపోతే తీగ సాగినప్పుడల్లా చివర తుంచుతూ ఉండాలి. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ రెండూ నీళ్లు మరిచిపోయే వాళ్ల కోసం పుట్టినవి. ఆకుల్లో, దుంపల్లో నీళ్లు దాచుకుంటాయి. వాటిని చంపాలంటే ఎక్కువ నీళ్లు పోయడమొక్కటే దారి. పీస్ లిల్లీ 250 లక్సులో ఆకులతో బతుకుతుంది, తెల్లపూలు కావాలంటే ఇంకా వెలుతురు ఉండాలి. స్పైడర్ ప్లాంట్‌కు ఉప్పు నీళ్లు పడవు, ఆకు చివర్లు గోధుమరంగుకు తిరుగుతాయి. బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ వెంటిలేటరు గట్టు మీదే ఉండాలి. లక్కీ బాంబూ అని అమ్మేది వెదురు కాదు, డ్రసీనా జాతి. నీళ్లలో బతుకుతుంది, కానీ నీళ్లు మార్చే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.

క్రోటన్లు, కలబంద, నాగజెముడు జాతివి, గులాబీ లాంటివి వద్దు. ఎండ తినే మొక్కలు అవి. తులసి పెడతానంటే మా అత్తయ్య ఊరుకోలేదు. “పూజ చేసే చెట్టును అక్కడ పెడతావా అమ్మా!” అన్నారు. ఆవిడ కారణం వేరైనా మాట నిజమే, తులసికి ఎండ తప్పనిసరి.

పాకే పిల్లలు, పిల్లులు ఉన్న ఇళ్లకు ఒక జాగ్రత్త. మనీప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ, అగ్లోనిమా, జీజీ ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మండి వాస్తుంది. చేమకూర సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెట్టేదీ ఇందుకే, అన్నీ ఒక కుటుంబమే. అలాంటి ఇంట్లో వాటిని చెయ్యందని ఎత్తులో ఉంచి, అందే ఎత్తులో స్పైడర్ ప్లాంటో బోస్టన్ ఫెర్నో పెట్టుకోండి. బోస్టన్‌కు వెలుతురు సరిపోతేనే సుమా.

గాలి శుభ్రం చేసే మొక్కలని చెప్పి ఎక్కువ ధర చెబితే పట్టించుకోవద్దు. ఆ మాటకు మూలం 1989లో నాసా చేయించిన పరీక్షలు. అవి గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. మన ఇంట్లో వెంటిలేటరు తెరిస్తే మారే గాలి ముందు రెండు కుండీలు చేసేదెంత?

కొన్న మొక్కను తిన్నగా బాత్రూంలోకి తీసుకెళ్లకండి. నర్సరీలో గ్రీన్ నెట్ కింద, మన బాత్రూంకన్నా ఎన్నో రెట్లు వెలుతురులో పెరిగింది అది. ముందు వరండాలో ఒక వారం, తర్వాత హాల్లో కిటికీకి కాస్త ఎడంగా ఇంకో వారం ఉంచి, ఆ తర్వాత లోపలికి తీసుకెళ్లండి.

5. మట్టి మార్చండి

మన డెల్టా ఒండ్రుమట్టి వరికి బంగారం, బాత్రూం కుండీకి శత్రువు. తడిస్తే జిగురు, ఆరితే ఇటుక. ఎండ తగలని గదిలో అది వారాల తరబడి ఆరదు. వేళ్లు కుళ్లిపోతాయి. నర్సరీ కవర్లో వచ్చిన మట్టి ముద్ద కూడా చాలాసార్లు ఇలాంటిదే. వేళ్లు తెగకుండా బకెట్ నీళ్లలో ముంచి మూడొంతులు కరిగించేయండి.

నేను వాడే మట్టి మిశ్రమం: రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు సగం కాలిన వరి ఊక, ఒక పాలు వర్మికంపోస్టు. ఊక మిల్లుల దగ్గర దొరుకుతుంది. పూర్తిగా బూడిదైంది కాకుండా నల్లగా, రూపం చెడకుండా ఉన్నది ఏరుకోండి. మిశ్రమం పొడిపొడిగా ఉండేది దానివల్లే.

కొబ్బరి పొట్టును మాత్రం కడగకుండా వాడకండి. అందులో సహజంగానే ఉప్పులుంటాయి, ఉప్పునీటిలో నానిన పీచుదైతే మరీను. పాత లుంగీ గుడ్డలో పొట్టు వేసి మూటకట్టి, బకెట్లో గంట నానబెట్టి, ఎత్తి గట్టిగా పిండండి. మొదటి విడత నీళ్లు డికాషన్‌లా దిగుతాయి. రెండోసారికి లేత టీ రంగు. మూడోసారికి అడుగున చెయ్యి పెడితే వేళ్లు కనిపించాలి. అప్పటికి చాలు. గుప్పిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి, ధార వస్తే ఇంకా ఆరబెట్టాలి.

కుండీలు చిన్నవి, తేలికైనవి, అడుగున చిల్లులున్నవి కావాలి. 4 నుంచి 6 అంగుళాల ప్లాస్టిక్ కుండీ చాలు. దాని పైన అందానికి వేరే పాత్ర. ఇంట్లో మూలపడ్డ ఊరగాయ జాడీ దీనికి బ్రహ్మాండంగా ఉంటుంది. ముందు రెండు రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టి ఉప్పు వదిలించండి. అడుగున కొబ్బరి చిప్ప ముక్క బోర్లించి, దాని మీద ప్లాస్టిక్ కుండీ దించండి. అప్పుడు కారిన నీళ్లలో వేళ్లు మునగవు. పెళ్లిలో పెట్టిన అజ్జరం ఇత్తడి చెంబు వాడాలనిపిస్తే లోపల గాజు సీసా పెట్టి అందులో మనీప్లాంట్ కొమ్మ వేయండి. తిన్నగా ఇత్తడిలో నీళ్లు పోసి వేరు ముంచితే రాగి దిగి వేళ్లకు చేటు.

6. వేలాడదీయడం, నిలబెట్టడం

4 అడుగుల గదిలో నేల మీద చోటుండదు, ఉన్నా అది తడి గీతకు కిందే. కాబట్టి గోడ, వెంటిలేటరు గూడు, పైకప్పు. ఇవే మన స్థలాలు.

ఏ పని మొదలెట్టినా ముందు కుండీని నిండా తడిపి తూచండి. మా 6 అంగుళాల కుండీ కేజీన్నర దాటింది. నేను ఒకప్పుడు బజారులో రబ్బరు కప్పుతో గోడకు అతుక్కునే అర కొన్నాను. 5 కేజీలు మోస్తుందని అట్ట మీద రాసుంది. మూడో రాత్రి రెండింటికి పెద్ద చప్పుడు, అంతా లేచి దొంగలనుకున్నాం. చూస్తే కుండీ బకెట్లో, మట్టి డ్రైనేజీలో. నున్నటి టైలు మీద కూడా ఆవిరికి, సబ్బు జిడ్డుకు ఆ కప్పుల పట్టు జారిపోతుంది. సబ్బుపెట్టెకైతే వాడుకోండి, మొక్కకు వద్దు.

అద్దె ఇంట్లో చిల్లు వేయకుండా చేసుకోగలిగేది వెంటిలేటరు గూట్లో అడ్డకడ్డీ. రెండు చివర్లా రబ్బరుండి, మెలితిప్పితే బిగుసుకునే స్ప్రింగు కర్టెన్ రాడ్ తెచ్చి బిగించండి. ఒకటి రెండు 4 అంగుళాల కుండీలను మోస్తుంది, అంతకు మించి ఆశించొద్దు.

దానికి ఉట్టి కట్టుకోవాలి. మాక్రమే అని బజారులో అమ్మేది చూస్తే మన వెన్నముంతల ఉట్టే కదా. దూది తాడు వద్దు, నెల తిరక్కుండా నల్లబూజు పడుతుంది. కొబ్బరి తాడు అందంగా ఉంటుంది, కుళ్లదు కూడా, కానీ మాకు వానాకాలంలో దాని మీదా బూజు కట్టింది. చేపల వలల సామాను అమ్మే కొట్లో సన్నటి నైలాన్ తాడు అడగండి, అదే మేలు.

ఏడేసి అడుగుల ముక్కలు 4 కోయండి. నాలుగింటినీ సగానికి మడిచి ఒక స్టీలు రింగులోంచి దూర్చి, రింగు కింద అన్నిటినీ కలిపి ముడేయండి. ఇప్పుడు 8 పోగులు వేలాడుతుంటాయి. వాటిని రెండేసి చొప్పున 4 జతలు చేయండి. రింగు నుంచి అడుగున్నర కిందికి ప్రతి జతకూ ఒక ముడి, నాలుగూ ఒకే ఎత్తులో. తర్వాత ఒక జతలోంచి ఒక పోగు, పక్క జతలోంచి ఒక పోగు పట్టి 3 అంగుళాల కింద ముడేయండి. అలా చుట్టూ తిరిగొస్తే వలలా అవుతుంది. ఇంకో 3 అంగుళాల కింద ఎనిమిదింటినీ కలిపి పెద్ద ముడి. నైలాన్ జారుడు సరుకు కాబట్టి ప్రతి ముడీ రెండుసార్లు వేసి, తెగిన చివర్లను అగ్గిపుల్లతో కాస్త కరిగించండి. వేలాడదీసే ముందు అంతే బరువున్న నీళ్ల సీసా పెట్టి ఒక రాత్రి ఉంచి చూడండి.

సొంత ఇల్లయినా, ఓనరు సరేనన్నా, టైల్స్‌కు చిల్లు వేసి స్టీలు అర బిగించడం గట్టి పద్ధతి. కుళాయికి నిట్టనిలువుగా పైనా కిందా, గీజరుకూ కుళాయికీ మధ్యా గోడలో పైపులు పోతుంటాయి. ఆ దారిలో డ్రిల్ పెట్టొద్దు. చిల్లు పడే చోట టేపు అంటించి, టైల్స్‌కు వాడే బిట్టుతో, డ్రిల్‌లో హామర్ మోడ్ ఆపేసి, నెమ్మదిగా తిప్పాలి. టైలు దాటి గోడ తగిలాకే హామర్. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. మామూలు ఇనుపవైతే మన గాలికి తుప్పు కారి తెల్ల టైలు మీద గోధుమరంగు చార దిగుతుంది, అది ఒక పట్టాన పోదు.

గీజరు మీద, గీజరు కింద, స్విచ్‌బోర్డు పైన ఏదీ వేలాడదీయకండి.

7. కంటికి బాగుండేలా

28 చదరపు అడుగుల గదికి 5 మొక్కలు ఎక్కువ, 3 బాగుంటాయి. మొదట్లో నేను 8 పెట్టాను. స్నానం చేస్తుంటే చేలో దిగినట్టుండేది.

తలుపు తీయగానే కన్ను ఎక్కడ పడుతుందో చూడండి. మాకు అద్దం మీద పడుతుంది. అందుకని ఒకే ఒక మనీప్లాంట్ తీగను అద్దం పై అంచు వెంట, చిన్న పారదర్శకపు క్లిప్పులతో పట్టించాను. కుండీ ఒక పక్కనే ఉంటుంది, తీగ అద్దానికి తోరణంలా ఉంటుంది. అద్దంలో దాని నీడ కూడా కనిపించి ఒక మొక్క రెండుగా అనిపిస్తుంది. తీగ కొస మాత్రం వెలుతురు వైపే పాకాలని చూస్తుంది, వారానికోసారి వెనక్కి తిప్పుతుండాలి.

వెంటిలేటరు గట్టు మీద నిలువుగా ఉండేదొకటి, ఉట్టిలో కిందికి జారేదొకటి. అంతే. మూడు కుండీల రంగూ ఒకటే అయితే ఆకుల పచ్చదనం తేలుతుంది. తెల్ల టైల్స్ ఉన్న గదిలో ముదురాకుపచ్చ జీజీ బాగా కనిపిస్తుంది. పూల డిజైన్ టైల్స్ ఉంటే చారల ఆకులు తేకండి, దేనికదే గోలగా ఉంటుంది.

8. వంతులు పెట్టుకోండి

దాళ్వాలో, అంటే రబీ వరి పంటకు, నీళ్లు చాలనప్పుడు మన కాలువల మీద వంతులవారీగా వదులుతారు కదా, వెలుతురు చాలని గదిలోనూ అదే పద్ధతి. రెండు జట్ల మొక్కలు పెంచండి. ఒక జట్టు 10 రోజులు బాత్రూంలో, రెండోది బాల్కనీ నీడలో. 11వ రోజు అటుదిటు. లోపలున్న 10 రోజులూ మొక్క దాచుకున్నది తిని బతుకుతుంది, బయట 10 రోజుల్లో మళ్లీ కూడబెట్టుకుంటుంది. బయటికి తెచ్చాక ఎండలో పెట్టకండి, ఒక్క మధ్యాహ్నానికే ఆకులు తెల్లగా కమిలిపోతాయి.

వెంటిలేటరే లేని బాత్రూంలోనైతే బల్బు తప్ప దారి లేదు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లది, మొక్కకు అడుగు ఎత్తులో, రోజుకు 12 గంటలు వెలగాలి. నెలకు 3 యూనిట్ల పైచిలుకు కరెంటు. ఎలక్ట్రీషియన్ చేత తడి తగలని చోట హోల్డరు బిగించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు బాత్రూంలోకి లాగడం మాత్రం చేయొద్దు, మొక్క కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

9. నీళ్లు, దోమలు, యాసిడ్

బాత్రూం మొక్కకు నీళ్ల లెక్క హాల్లో మొక్కకున్నట్టు ఉండదు, సగమే. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి, పొడిగా తగిలితేనే పోయండి. స్నేక్, జీజీలకు మా ఇంట్లో 3 వారాలకోసారి. వానాకాలంలో నెలకోసారి.

ఏ నీళ్లు పోస్తున్నారన్నది కూడా చూడాలి. రాజోలు, మలికిపురం, మొగల్తూరు వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో మాకూ బోరే దిక్కు. కుండీ అంచున తెల్లటి పొర కట్టినా, ఆకు కొసలు మాడినా ఉప్పు ఎక్కినట్టే. అప్పుడు ఏసీ నుంచి కారే నీళ్లు ఒక డబ్బాలో పట్టి పోయండి, వాటిలో ఉప్పులు దాదాపు ఉండవు. వాన నీళ్లయితే ఇంకేం కావాలి! ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి. ఉప్పంతా పోగుపడేది వాటిలోనే.

డెంగీ దోమ శుభ్రమైన నిల్వ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం, పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. అందుకని సీసాల్లో మనీప్లాంట్, లక్కీ బాంబూ ఉన్నవాళ్లు ప్రతి శుక్రవారం నీళ్లు పారబోసి, సీసా లోపలి గోడ కూడా బ్రష్‌తో రుద్ది, కొత్త నీళ్లు పోయాలి. రుద్దకపోతే అంటుకున్న గుడ్లు అక్కడే ఉంటాయి. జాడీ అడుగున కారిన నీళ్లూ ఆ రోజే పారబోయండి.

టైల్స్ మీద ఉప్పు మరకలకు యాసిడ్ పోసే రోజున మొక్కలన్నీ బయటికి తెచ్చి, సాయంత్రం దాకా లోపలికి తీసుకెళ్లకండి. బ్లీచింగ్ పౌడరు వేసిన రోజూ అంతే. ఆ రెండూ కలిపి వాడితే విషవాయువు పుడుతుంది. మొక్కల మాట దేవుడెరుగు, మనిషికే ప్రమాదం.

ఆకుల కింద, కణుపుల దగ్గర తెల్లగా దూదిపింజల్లా కనిపిస్తే పిండినల్లి. గాలి ఆడని చోటే దానికిష్టం. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటే తుడిచేసి, ఆ మొక్కను 2 వారాలు విడిగా ఉంచండి. ఆకులు పసుపుగా, మెత్తగా అయి కుండీ నుంచి పాచి వాసన వస్తే వేరు కుళ్లు. కుండీ బోర్లించి, నల్లబడ్డ వేళ్లు కత్తిరించి, కొత్త మిశ్రమంలో నాటి, 4 రోజులు నీళ్లు పోయకండి. మనీప్లాంట్ అయితే పై కొమ్మ తుంచి సీసాలో వేసుకోవడమే సులువు.

సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఎక్కువ నీళ్లు పోసి వెళ్లాలనిపిస్తుంది. పోయకండి. ముందు రోజు మామూలుగా తడిపి, కారిన నీళ్లు పారబోసి, సీసాల్లో ఉన్న కొమ్మలను తడి కొబ్బరి పొట్టులోకి మార్చి, వెంటిలేటరు రెక్కలు తెరిచి, బాత్రూం తలుపు కూడా తెరిచే ఉంచి వెళ్లండి. వారం పది రోజులకు ఏమీ కాదు.